ట్యూబు వేసే రోజు, తీసే రోజు: తల, మెడ క్యాన్సర్ చికిత్సలో ఆహారం, జీవన నాణ్యత

తల, మెడ భాగాల క్యాన్సర్ అనే పేరు కింద నోరు, నాలుక, దవడ, అంగిలి, గొంతు, స్వరపేటిక, లాలాజల గ్రంథులు, ముక్కు లోపలి భాగాలు మొదలైన చోట్ల పుట్టే వ్యాధులన్నిటినీ వైద్యశాస్త్రం ఒక్కచోట చేర్చి చూస్తుంది. మెదడులో పుట్టే క్యాన్సర్ మాత్రం ఈ కోవలోకి రాదు. ఈ అవయవాలన్నీ మనిషి అన్నం తినే దారిలోనో, ఊపిరి పీల్చే దారిలోనో, మాట పలికే దారిలోనో ఉన్నవే కనుక, అక్కడ వ్యాధి వచ్చినా, ఆ వ్యాధికి చికిత్స జరిగినా మొదట దెబ్బతినేవి ముద్దా, మాటా. భారతదేశంలో పురుషులకు వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్‌దే మొదటి స్థానం. పొగాకు, గుట్కా, ఖైనీ, వక్క, మద్యం దీనికి ప్రధాన కారణాలన్నది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఈ ఉపన్యాసం వాటి జోలికి ఎక్కువగా పోదు. చికిత్స సాగే వారాలలో, ఆ తరువాతి నెలలలో రోగి ఎలా తింటాడు, ఆ తిండి కోసం ముక్కులోనో పొట్టకో అమర్చే ట్యూబు అతని బతుకును ఏ మేరకు నిలబెడుతుంది, ఏ మేరకు కుదిస్తుంది అన్నదే ఇక్కడి విచారణ.

ఈ విచారణకు హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పరిసరాలు తగిన చోటు కావడానికి కారణాలు రెండు. మొదటిది ఆస్పత్రులు. 1988లో జూబ్లీహిల్స్‌లో అపోలో ఆస్పత్రి వెలిసింది. ఆ పక్కనే బంజారాహిల్స్‌లో బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆస్పత్రిని 2000 జూన్ 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. నందమూరి తారక రామారావు సతీమణి, క్యాన్సర్‌తో మరణించిన బసవతారకం పేరు మీద, అమెరికాలోని తెలుగు వైద్యుల తోడ్పాటుతో నిలిచిన ఆ సంస్థ తనంతట తానే ఒక స్మారకం. నగరంలో అంతకు ముందు నుంచీ, 1955 నాటినుంచీ, పేదల పాలిట ఆధారంగా ఉన్న మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆస్పత్రిని కూడా కలుపుకుంటే, శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా నోటి పుండుతో బయలుదేరిన రోగులు హైదరాబాదుకు ఎందుకు చేరుతున్నారో అర్థమవుతుంది. రెండో కారణం సినిమా. ముఖం, గొంతు, నలుగురి నడుమ భోజనం అనే మూడింటి మీద బతికే వృత్తి ఇక్కడిది. ఆ మూడింటినీ ఒకేసారి తాకే వ్యాధి గురించి ఇక్కడ ఆలోచించడం సమంజసం.

చికిత్స క్రమాన్ని కొంత వివరంగా తెలుసుకోకపోతే ట్యూబు అవసరం బోధపడదు. ఊళ్లలో 'కరెంటు పెట్టడం' అని పిలిచే రేడియేషన్ చికిత్సను గొంతు క్యాన్సర్లకు సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున దాదాపు 7 వారాలపాటు, మొత్తం 70 గ్రే మోతాదు చేరేవరకు ఇస్తారు. గ్రే అనేది కణజాలం గ్రహించిన కిరణశక్తికి కొలమానం. శస్త్రచికిత్స ముందుగా జరిగిన నోటి క్యాన్సర్లకు ఈ మోతాదు కొంచెం తక్కువగా, 60 గ్రే పైచిలుకు ఉంటుంది. వ్యాధి ముదిరిన చోట సిస్‌ప్లాటిన్ అనే కీమో మందును కూడా జోడిస్తారు. మొదటి వారం దాదాపుగా ఏమీ తెలియదు. రెండు, మూడు వారాలకు నోటి లోపలి పొర ఎర్రబడి, పూసి, పుండవుతుంది. దీనినే మ్యూకోసైటిస్ అంటారు. లాలాజలం జిగురుగా మారి తగ్గిపోతుంది, రుచి తప్పిపోతుంది, ఉప్పూ కారమూ నిప్పుల్లా తగులుతాయి. ఆవకాయ సంగతి అటుంచి, చారు నీళ్లు సైతం మింగలేని స్థితి ఐదు, ఆరు వారాలకు వస్తుంది. రోగులను ఆశ్చర్యపరిచే సంగతి ఏమంటే, చికిత్స ముగిసిన రోజున బాధ ముగియదు. చివరి కరెంటు తరువాత కూడా రెండు వారాలు, ఒక్కొక్కరికి నెలా అంతకు మించీ, పుండ్లు అలాగే ఉంటాయి.

ఈ కాలంలో బరువు తగ్గడాన్ని బలహీనతగా మాత్రమే చూస్తే పొరపాటు. రేడియేషన్ ఇచ్చే ప్రతి రోజూ తల కదలకుండా ఉండడానికి రోగి ముఖానికి అచ్చుగా సరిపోయే ప్లాస్టిక్ మాస్కును బల్లకు బిగిస్తారు. పది కిలోలు తగ్గిన మనిషికి ఆ మాస్కు వదులై, కిరణాలు ఉద్దేశించిన చోటు నుంచి పక్కకు జరిగే ప్రమాదం ఉంటుంది. నీరసించి రోగి నాలుగు రోజులు మానేస్తే నష్టం మరింత పెద్దది, ఎందుకంటే ఈ క్యాన్సర్లలో మిగిలిన కణాలు విరామంలో వేగంగా పెరుగుతాయి కాబట్టి చికిత్స మొత్తం కాలం సాగేకొద్దీ వ్యాధి అదుపులోకి వచ్చే అవకాశం తరిగిపోతుంది. అందుచేత తిండి అన్నది ఇక్కడ చికిత్సకు పక్కన నడిచే ఉపచారం కాదు, చికిత్సలోనే ఒక భాగం. నోరు పనిచేయని ఆ వారాలలో శరీరానికి తిండి చేర్చే దారి ట్యూబు.

ట్యూబులు ముఖ్యంగా రెండు రకాలు. ముక్కు గుండా గొంతులోకి, అక్కడినుంచి అన్నవాహిక మీదుగా జీర్ణాశయంలోకి దించే సన్నని గొట్టాన్ని ఆస్పత్రుల్లో రైల్స్ ట్యూబు అంటారు. జాన్ ఆల్ఫ్రెడ్ రైల్ అనే ఆంగ్ల వైద్యుడు 1921లో దీనిని ప్రతిపాదించింది జీర్ణరసాన్ని బయటికి తీసి పరీక్షించడానికి. లోపలికి ఆహారం పంపే పనికి అది తరువాత స్థిరపడింది. రెండోది పొట్ట గోడకు చిన్న రంధ్రం చేసి నేరుగా జీర్ణాశయంలోకి అమర్చే గొట్టం, వాడుకలో పెగ్. ఎండోస్కోపు అనే కెమెరా గొట్టాన్ని నోటి గుండా జీర్ణాశయంలోకి దించి, దాని వెలుగు పొట్ట చర్మం మీద కనిపించిన చోట సూది గుచ్చి, దారం సాయంతో గొట్టాన్ని లోపలినుంచి బయటికి లాగే ఈ పద్ధతిని మైకేల్ గౌడరర్, జెఫ్రీ పాన్‌స్కీ అనే ఇద్దరు వైద్యులు 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో తొలిసారి ఒక పసిబిడ్డకు చేశారు. కణితి నోటినో గొంతునో మూసివేసినప్పుడు ఎండోస్కోపు దిగదు కనుక ఎక్స్‌రే సాయంతోనో, ఆపరేషన్ ద్వారానో పొట్టకు గొట్టం వేస్తారు. రైల్స్ ట్యూబు పడక దగ్గరే కొద్ది నిమిషాల్లో వేయవచ్చు, ఖర్చు స్వల్పం. కానీ అది ముఖం మీద కనిపిస్తుంది, ముక్కును ఒరుస్తుంది, దగ్గుకో నిద్రలోనో ఊడిపోతుంది, నాలుగు నుంచి ఆరు వారాలకు మించి అవసరమైతే పెగ్ గురించి ఆలోచించవలసి వస్తుంది. పెగ్ చొక్కా కింద దాగుతుంది, నెలల తరబడి నిలుస్తుంది. అయితే రంధ్రం చుట్టూ చీము పట్టడం, ఆహారం కారడం, అరుదుగా పొట్ట లోపల ఇన్‌ఫెక్షన్ వ్యాపించడం దాని చిక్కులు.

ఏది మేలన్న ప్రశ్నకు పరిశోధనలు ఇచ్చిన సమాధానం ఒక్కటిగా లేదు. స్వీడన్‌లో 134 మంది రోగుల మీద జరిగి 2012లో వెలువడిన అధ్యయనంలో, చికిత్సకు ముందే పెగ్ అమర్చిన వారిలో పోషకాహార లోపం తగ్గి, 6 నెలలనాటికి జీవన నాణ్యత మెరుగ్గా కనిపించింది. ఆస్ట్రేలియాలో 33 మందితో జరిగి 2008లో వెలువడిన చిన్న అధ్యయనం ఇంకో ముఖాన్ని చూపింది: రైల్స్ ట్యూబు ఉన్నవారు దానిని మధ్యస్థంగా 66 రోజులు వాడితే, పెగ్ ఉన్నవారు 139 రోజులు వాడారు. రెట్టింపునకు మించిన ఈ తేడా వెనుక ఒక సూక్ష్మం ఉంది. ముక్కు ట్యూబు ఇబ్బంది పెడుతుంది కాబట్టి రోగి దానిని ఎప్పుడు వదిలించుకుందామా అని నోటితో ప్రయత్నిస్తాడు; పెగ్ సుఖంగా ఉంటుంది కాబట్టి ప్రయత్నం వాయిదా పడుతుంది. సుఖమిచ్చే పరికరమే దీర్ఘకాలంలో మింగడాన్ని మరిపించగలదన్న ఈ సంగతిని ట్యూబు వేసేవారు, వేయించుకునేవారు కూడా మొదటే గ్రహించడం అవసరం.

మింగడం అన్నది పైకి కనిపించేటంత తేలికైన పని కాదు. నాలుక ముద్దను వెనక్కి నెట్టగానే మెత్తని అంగిలి ముక్కు దారిని మూస్తుంది, స్వరపేటిక పైకి లేచి నాలుక వేరు కిందికి చేరి ఊపిరి దారిని మూస్తుంది, గొంతు కండరాలు వరుసగా బిగిసి ముద్దను అన్నవాహికలోకి తోస్తాయి. ఇదంతా ఒక్క క్షణంలో జరిగిపోతుంది. రేడియేషన్ తగిలిన కండరాలు మొదట వాచి, తరువాత గట్టిపడతాయి. ఆ రెండు దశల మధ్య వాటిని పని చేయించకుండా వదిలేస్తే బిగిసిపోయిన స్థితిలోనే నిలిచిపోతాయి. అమెరికాలోని హ్యూస్టన్‌లో గొంతు క్యాన్సర్ రోగులు 497 మందిని పరిశీలించి 2013లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, చికిత్స పొడవునా ఎంతో కొంత నోటితో తిన్నవారు, మింగుడు వ్యాయామాలు విడవకుండా చేసినవారు తరువాతి కాలంలో మామూలు ఆహారానికి మెరుగ్గా తిరిగి వచ్చారని, రెండూ చేసినవారి ఫలితం అందరికంటే మేలని తేలింది. ట్యూబు ఉన్నంత మాత్రాన నోటికి సెలవు ఇవ్వకూడదన్న మాటకు ఆధారం ఇదే. స్పీచ్ థెరపిస్టు నేర్పే వ్యాయామాలు సాదాసీదావే: నాలుకను ముందు పళ్ల మధ్య పట్టుకుని మింగడం, మింగుతూ స్వరపేటికను కొద్ది క్షణాలు పైనే నిలపడం, నోటిని వీలైనంత తెరిచి ఉంచడం వంటివి. పుండ్లు మండుతున్న రోజుల్లో నొప్పి మందు వేసుకుని అరగంట ఆగి వీటిని చేయిస్తే రోగి సహకరిస్తాడు. నొప్పిని అణచకుండా వ్యాయామం చేయమనడం మాటవరసకు చెప్పినట్టే అవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. మెతుకు ఊపిరి దారిలోకి పోతే ఆరోగ్యవంతుడు పొలమారి దగ్గుతాడు, ఆ దగ్గే రక్షణ. రేడియేషన్ తరువాత గొంతులో స్పర్శ తగ్గినవారికి ఆహారం ఊపిరితిత్తుల వైపు జారినా పొలమారదు, దగ్గు రాదు, కొన్నాళ్లకు న్యుమోనియా వస్తుంది. అందువల్ల నోటితో తినడం కొనసాగించాలన్న సలహా అందరికీ ఒకే తీరున వర్తించదు. బేరియం కలిపిన ద్రవాన్ని మింగిస్తూ ఎక్స్‌రేలో చూసే పరీక్షతోనో, ముక్కు గుండా సన్నని కెమెరా దించి చూసే పరీక్షతోనో ఎవరికి ఏ చిక్కదనం క్షేమమో తేల్చుకోవాలి. కొందరికి పలుచని నీళ్లకంటే చిక్కని పెరుగే భద్రం.

విదేశీ అధ్యయనాలను తెలుగునేలకు యథాతథంగా అన్వయించడంలో ఇంకొక చిక్కు ఉంది. స్వీడన్, అమెరికాలలోని అధ్యయనాల రోగులలో ఎక్కువమందికి గొంతు క్యాన్సర్. వారికి తొలి చికిత్స రేడియేషన్. ఇక్కడ బుగ్గ, చిగురు, నాలుక క్యాన్సర్లు ఎక్కువ, వాటికి తొలి చికిత్స కత్తి. దవడలో కొంత భాగం తీసి, ఛాతీ నుంచో తొడ నుంచో కండను తెచ్చి అతికిన రోగికి ఆపరేషన్ బల్ల మీదే ముక్కులో ట్యూబు పడుతుంది. కుట్లు మానే లోపే రేడియేషన్ తేదీ దగ్గరపడుతుంది. పైగా వక్క, గుట్కాల వల్ల బుగ్గ లోపలి పొర నారలా గట్టిపడి, రెండు వేళ్లు కూడా పట్టనంతగా నోరు ముందే మూతబడి ఉన్నవారు ఈ రోగులలో చాలామంది. నోరు తెరిపించే వ్యాయామం వీరికి చికిత్సకు ముందునుంచే మొదలు కావాలి.

ఉత్తరాంధ్రది మరింత ప్రత్యేకమైన కథ. చుట్టను నిప్పు ఉన్న కొనను నోటి లోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాలలో, ముఖ్యంగా స్త్రీలలో, తరాలుగా ఉంది. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, భారతీయ పరిశోధకులు మెహతా, గుప్తా, దఫ్తరీలతో కలిసి ఈ ప్రాంతంలో 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి 1971లో వెలువరించిన అధ్యయనం దానిని ప్రపంచం దృష్టికి తెచ్చింది. మిగతా లోకంలో అరుదైన గట్టి అంగిలి క్యాన్సర్ ఈ అలవాటు ఉన్నచోట తరచుగా కనిపిస్తుంది. అంగిలిని తొలగిస్తే నోటికీ ముక్కుకూ మధ్య గోడ ఉండదు, తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో పలుకుతుంది. ఇటువంటి రోగికి ఎప్పటికీ ట్యూబు మీద ఆధారపడే అవసరం రాకుండా చేయగలిగేది దంతవైద్యుడు తయారుచేసే ఆబ్ట్యురేటర్, అంటే కట్టుడు పళ్లతోపాటు ఆ రంధ్రాన్ని మూసే పలక. ట్యూబుకు ప్రత్యామ్నాయం కొన్నిసార్లు ఒక మంచి దంతవైద్యుడే అన్న సంగతిని క్యాన్సర్ చర్చలు తరచూ విస్మరిస్తాయి.

ట్యూబు వేయడం ఆస్పత్రి పని, దానిని నడపడం వంటింటి పని. సాధారణంగా రోగి బరువులో కిలోకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి అది 1,500 నుంచి 1,800 కేలరీలు, 72 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు. 250 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు 8 సార్లు పోసినా మొత్తం 2 లీటర్లే కాబట్టి పోసే ఆహారంలో ప్రతి మిల్లీలీటరులోనూ ముప్పాతిక కేలరీకి తగ్గకుండా ఉండాలి. తెలుగిళ్లలో రోగికి మొదట గుర్తొచ్చే గంజి, కొబ్బరినీళ్లు, బార్లీ నీళ్లు, పలుచని పప్పుకట్టు ఈ లెక్కకు ఆమడ దూరంలో ఉంటాయి. కొబ్బరినీళ్లలో 100 మిల్లీలీటర్లకు 20 కేలరీల వంతునే ఉంటాయి. రాగిజావ బలమైనదే, అయితే చిక్కగా కాస్తే ట్యూబు పూడుకుపోతుంది, పలుచగా కాస్తే బలం పోతుంది. దీనికి పరిష్కారం పాత ఇళ్లలో ఉన్నదే: రాగులను మొలకెత్తించి ఎండబెట్టి విసిరిన పిండిలో గంజిపదార్థాన్ని కరిగించే గుణం పుడుతుంది, అందువల్ల అదే పలుచదనంలో ఎక్కువ పిండి ఇముడుతుంది. దానికి పాలు, నూనె లేక నెయ్యి, ఉడికించి మెత్తగా రుబ్బిన గుడ్డో పప్పో చేర్చి, బట్టలో వడగట్టి పోస్తే ఖరీదైన డబ్బా పొడి మీద పూర్తిగా ఆధారపడనక్కర లేదు. పచ్చిగుడ్డు మాత్రం వాడకూడదు.

ఈ వంటింట్లోనే పథ్యం అనే అదృశ్య వైద్యుడు కూడా ఉంటాడు. పప్పు తింటే కుట్లకు చీము పడుతుందని, పెరుగు జలుబని, గుడ్డు వేడని చెప్పే ఆ వైద్యుడి మాట డైటీషియన్ కాగితం కంటే బలంగా చెల్లుతుంది. పప్పు, పెరుగు మానేసిన శాకాహార కుటుంబంలో మాంసకృత్తులు వచ్చే దారి దాదాపు మూసుకుపోతుంది. ఈ నమ్మకాన్ని ఎగతాళి చేస్తే ప్రయోజనం లేదు. ఇంట్లో వండే అత్తగారినో, అమ్మనో ఆస్పత్రికి పిలిపించి, వారి ముందే సిరంజితో పోసి చూపించి, గాయం మానడానికి కావలసినది ఇదేనని వైద్యుడి నోటితోనే చెప్పించడం ఫలిస్తుంది. పోసేటప్పుడు రోగిని కూర్చోబెట్టడం, పోశాక అరగంటకు పైగా పడుకోనివ్వకపోవడం, ముందూ వెనకా కొంచెం నీళ్లతో ట్యూబు కడగడం, మాత్రలను ఆహారంలో కలపకుండా విడిగా నూరి వేయడం, ముక్కు ట్యూబు జరిగిందన్న అనుమానం ఉంటే చుక్క కూడా పోయకపోవడం ఇంట్లో తప్పక పాటించవలసినవి. చాలా రోజులు తిండిలేక కృశించిన మనిషికి మొదటి రోజే పూర్తి మోతాదు పోస్తే రక్తంలో లవణాలు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు కనుక మెల్లగా పెంచాలి.

జీవన నాణ్యతను కొలవడం సాధ్యమా అన్న సందేహం సహజమే. క్యాన్సర్ రోగులకోసం ఐరోపా పరిశోధకులు రూపొందించిన ప్రశ్నావళిలో తల, మెడ రోగులకు ప్రత్యేకంగా చేర్చిన భాగం ఉంది. నొప్పి, మింగుడు, నోరు ఎండడంతో పాటు ఇంటివారి ముందు తినడానికి ఇబ్బంది పడుతున్నారా, ఇతరుల ముందు తినలేకపోతున్నారా అని కూడా అది అడుగుతుంది. అమెరికాలోని మిషిగన్ పరిశోధకులు 2004లో ప్రకటించిన అధ్యయనంలో, రోగుల జీవన నాణ్యతను అన్నిటికంటే ఎక్కువగా తగ్గించిన అంశంగా ఆహార ట్యూబు తేలింది. ట్యూబు ఉన్నవారు సహజంగానే ఎక్కువ జబ్బుతో ఉన్నవారు కాబట్టి తప్పంతా ట్యూబుదే అనడానికి వీలులేదు. అయినా ఆ ఫలితంలో కొంత నిజం ఉంది. బంతిలో కూర్చోలేకపోవడం, పెళ్లికి వెళ్లి ఆకు ముందు కూర్చోకుండా వెనుదిరగడం, పండుగనాడు వంటింటి వాసనకు ముఖం తిప్పుకోవడం ఏ రక్తపరీక్షలోనూ కనిపించవు.

ఫిల్మ్‌నగర్ విషయంలో ఇది మరింత నిజం. కృష్ణానగర్ నుంచి షూటింగులకు వెళ్లే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, డ్రైవర్లు ప్రొడక్షన్ భోజనం వేళ ఒక్కచోట కలుస్తారు. ముక్కులో ట్యూబుతో ఆ వరుసలో నిలబడడం సాధ్యం కాదు. తెర మీద కనిపించేవారికి, ముఖం మీద ప్లాస్టరుతో అంటించిన గొట్టం అంటే పని లేదనే అర్థం, కాబట్టి అటువంటివారికి పెగ్ వైపు మొగ్గు చూపడంలో వైద్యకారణం ఎంత ఉందో బతుకుదెరువు కారణం కూడా అంతే ఉంటుంది. డబ్బింగ్ కళాకారులకు ఆరిన నోరే ఆటంకం. లాలాజల గ్రంథులను తప్పించి కిరణాలు పంపే ఐఎంఆర్‌టీ పద్ధతి నోరు ఎండడాన్ని గణనీయంగా తగ్గిస్తుందని 2011లో బ్రిటన్ అధ్యయనం నిరూపించింది కనుక, గొంతుతో బతికేవారు ఆ సదుపాయం ఉన్న చోటును అడిగి ఎంచుకోవడం సబబు.

తెలుగు సినిమా క్యాన్సర్‌ను చాలాసార్లు చూపింది. 1981లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో వచ్చిన ప్రేమాభిషేకంలో అక్కినేని నాగేశ్వరరావు క్యాన్సర్ సోకిన నాయకుడిగా నటించారు. ఆ తరహా కథలలో రోగి పాడతాడు, త్యాగం చేస్తాడు, అందంగా మరణిస్తాడు. ఆహారం ఎలా దిగుతోందన్న ప్రశ్న రాదు. అదే నటుడు 2013 అక్టోబరు 19న తనకు పేగు క్యాన్సర్ ఉందని విలేకరుల ముందు స్వయంగా ప్రకటించారు, చివరి చిత్రం మనంలో తన పాత్రకు ఇంటివద్దనే డబ్బింగ్ పూర్తి చేశారు, 2014 జనవరి 22న కన్నుమూశారు. ఆయనది తల, మెడ క్యాన్సర్ కాదు. కానీ జబ్బును దాచకుండా, గొంతును ఇంకొకరికి అప్పగించకుండా పని ముగించిన ఆ తీరు, జీవన నాణ్యత అన్న పదబంధానికి తెర మీది పాత్ర ఇవ్వలేని అర్థాన్ని ఇచ్చింది. 2012 అక్టోబరు 2 నుంచి థియేటర్లలో తప్పనిసరైన పొగాకు వ్యతిరేక ప్రకటనలు భయాన్ని పంచాయి, భయం కొంత అవసరమే; చికిత్స పొంది, ట్యూబుతో కొన్ని వారాలు గడిపి, దానిని తీయించుకుని మళ్లీ పెరుగన్నం తింటున్న మనిషిని మాత్రం ప్రేక్షకుడు చూసిన సందర్భాలు చాలా తక్కువ. అందుకే ముక్కులో పైపు వేశారంటే ఇక కథ ముగిసినట్టేనన్న మాట ఇళ్లలో ఇప్పటికీ చెల్లుతోంది, ఆ మాటకు జడిసి రోగులు ట్యూబును నిరాకరించి, పదిహేను రోజులు ఆలస్యంగా, నిలువునా నీరసించాక ఒప్పుకుంటున్నారు.

నిజానికి ఈ చికిత్సలో వేసే ట్యూబులలో ఎక్కువ భాగం తీసివేయడానికే వేసేవి. వ్యాధి నయం కాని దశలో వేసే ట్యూబు సంగతి వేరు. అక్కడ ఆయుష్షు పెంచడంకంటే బాధ తగ్గించడం ముఖ్యం, వద్దనే హక్కు రోగికి పూర్తిగా ఉంది. నయం చేసే చికిత్స మొదలయ్యే చోట మాత్రం నిర్ణయం మాస్కు కొలత తీసే రోజుకే జరిగిపోవాలి. ఆ రోజున రోగి బరువు ఎంత, ఎంత తగ్గితే ట్యూబు వేస్తారు, ఏ రకం వేస్తారు, మింగుడు వ్యాయామం ఎవరు నేర్పుతారు, ఎన్ని రోజులు నోటితో ఎంత తింటే, బరువు ఎక్కడ నిలిస్తే ట్యూబు తీస్తారు అన్నవి కేసుషీటులో రాసి ఉండాలి. వైద్యులు రాయకపోతే కుటుంబసభ్యులే అడిగి రాయించుకోవాలి.